చెల్లె డాక్టర్, నేను పోస్టుమాస్టర్‌ని. సంతోషంగా ఉంటే తప్పా?

ప్రశ్న: అక్కా, మాది జనగామ జిల్లాలో ఒక పల్లె. నాకు 28 ఏళ్లు. ఇంటర్ బైపీసీ అయ్యాక హైదరాబాద్‌లో రెండుసార్లు లాంగ్‌టర్మ్ తీసుకున్నాను, మెడికల్ సీటు రాలేదు. డిగ్రీ అయ్యాక పదో తరగతి మార్కుల మీద తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్‌గా సెలెక్ట్ అయ్యాను. ఐదేళ్లుగా పక్క ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టర్‌ని. డీఏతో కలిపి నెలకు 20 వేల దగ్గర వస్తాయి. మా చెల్లెకు మొదటిసారే ఎంబీబీఎస్ సీటొచ్చింది. ఇప్పుడు జనరల్ మెడిసిన్ పీజీ రెండో ఏడు. తన స్టైపెండే నా జీతానికి మూడు రెట్లు. కానీ ఫోన్ చేసినప్పుడల్లా ఏడుస్తుంది. నిద్ర లేదు, టైముకు తిండి లేదు, 36 గంటలు ఏకధాటిగా డ్యూటీ అంటుంది. నాకేమో పొద్దున్నే ఆఫీసు తెరవాలంటే హుషారు. ముసలోళ్లకు పింఛను 2,016 ఇచ్చేటప్పుడు ఆ పదహారు రూపాయలు కూడా లెక్కపెట్టి చేతిలో పెడతాను. ఊళ్లో నాకు ఆ పేరుంది. కానీ మా నాన్న ఒప్పుకోడు. ఉన్న రెండున్నర ఎకరాల్లో ఒక ఎకరం అమ్మి కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ చదివిస్తానంటున్నాడు. కన్సల్టెన్సీ వాళ్లతో మాట్లాడి కూడా వచ్చాడు. పెళ్లి సంబంధాలవాళ్లు ‘పర్మినెంటేనా?’ అని అడిగి వెళ్లిపోతున్నారు. జీతం తక్కువైనా తృప్తి ఉంటే చాలు కదా అక్కా? డాక్టరై ఏడ్చే కన్నా ఇది మేలు కాదా?

జవాబు: తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నీ చివరి రెండు ప్రశ్నలూ ఒకటే అన్నట్టు రాశావు గానీ, నా జవాబులు వేరు. నీ పని నీకు తృప్తినిస్తోందన్నది నిజం, దాన్ని వదులుకోవద్దు. తృప్తి ఉంటే జీతంతో పని లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఇక చెల్లెలి ఏడుపును నీ వాదనకు సాక్ష్యంగా తేవడం నాకు అస్సలు నచ్చలేదు. దాని గురించి కాస్త గట్టిగానే మాట్లాడుకుందాం.

ముందు ఆ ఎకరం సంగతి తేల్చేద్దాం. అది ఆగకపోతే మిగతా మాటలన్నీ వృథా.

మీ నాన్నకు ఆశ ఎక్కడ పుట్టిందో అర్థమైంది. నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారు కదా, ఇంకా దారుందని ఎవరో చెప్పి ఉంటారు. దారి ఉందన్నది నిజమే, అది ఎంత దూరమో లెక్కేయండి. విదేశంలో చదవాలన్నా నీట్‌లో క్వాలిఫై కావాలి. ఆ అర్హత మూడేళ్లే చెల్లుతుంది. నువ్వెప్పుడో రాసిన ర్యాంకు కార్డు ఇప్పుడు చెల్లదు, మళ్లీ రాయాలి. నేషనల్ మెడికల్ కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం అక్కడ కోర్సు కనీసం 54 నెలలుండాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగొచ్చాక ఇక్కడ ఇంకో 12 నెలలు చేయాలి. మధ్యలో ఎఫ్‌ఎంజీఈ అనే పరీక్ష ఉంటుంది, విదేశంలో చదివినవాళ్లు ఇక్కడ వైద్యం చేయాలంటే అది పాసవ్వాలి. 300కి 150 వస్తే పాస్. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఈ మధ్య జరిగిన పరీక్షల్లో నలుగురైదుగురు రాస్తే ఒక్కరు గట్టెక్కుతున్నారు. కన్సల్టెన్సీవాళ్లు ఫీజు, హాస్టల్, ఇండియన్ మెస్ గురించి మీ నాన్నకు గంటసేపు చెప్పి ఉంటారు. ఈ ముక్క చెప్పారేమో కనుక్కో.

అన్నీ సజావుగా సాగినా నువ్వు ఇక్కడ స్టెతస్కోపు పట్టేసరికి 36 ఏళ్లు వస్తాయి. అప్పటికీ ఉత్త ఎంబీబీఎస్సే. ఊరివాళ్లు ‘స్పెషలిస్టేనా?’ అని అడుగుతారు. పీజీకి ఇంకో మూడేళ్లు. డాక్టరు కావాలన్న తపన ఉన్నవాడికి ఇదంతా చెప్పి ఆపకూడదు. నలభై ఏళ్లొచ్చినా చదవనివ్వాలి. నీ ఉత్తరంలో ఆ తపన ఒక్క వాక్యంలో కూడా కనిపించలేదు, మీ నాన్న వాక్యంలో తప్ప. కాబట్టి వద్దు. ఎకరం అమ్మొద్దు.

ఇప్పుడు నీ తృప్తి.

నేను డాక్టర్ని కాను గానీ డాక్టర్ల మధ్యే బతికాను. మా ఆయన ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆపరేషనయ్యాక రోగి బంధువులు సర్జన్ కాళ్లకు మొక్కేవాళ్లు, ఈయన పక్కనే నిలబడి ఉన్నా గుర్తుపట్టేవాళ్లు కాదు. ఆయనకు అదే ఇష్టం. రోగి సరిగ్గా అనుకున్న నిమిషానికి కళ్లు తెరిస్తే చాలు, ఆ రోజంతా ఖుషీగా ఉండేవారు. ఆయన బ్యాచ్‌మేట్ ఒకాయన అదే ఆసుపత్రిలో, అదే జీతానికి, నలుగురూ నమస్కారం పెట్టే పోస్టులో ఉండి కూడా ఎప్పుడు రిటైరవుతానా అని క్యాలెండర్ చూసుకునేవాడు. అందుకే ‘డాక్టరు ఉద్యోగంలో తృప్తి ఉంటుందా’ అని ఎవరైనా అడిగితే నాకు జవాబు తోచదు. ఏ డాక్టరు, రోజులో ఏ గంట అని ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తుంది.

అమెరికాలో ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆసుపత్రిలో గదులు ఊడ్చి తుడిచేవాళ్లతో మాట్లాడి 2001లో ఒక పేపరు రాశారు. అందరిదీ ఒకే పని, ఒకే జీతం. కొందరు మా పని తుడవడమే అన్నారు. ఇంకొందరు రోగులు కోలుకోవడంలో మాకూ భాగముందన్నారు. ఈ రెండో రకం వాళ్లు చెప్పిన పనితో ఆగరు. రోగిని పలకరిస్తారు, దారి తెలియక తిరుగుతున్న చుట్టాలకు దారి చూపిస్తారు, నర్సుకు పనికొచ్చేట్టు తమ పని ముందువెనకలు చేసుకుంటారు. ఎవరూ చెప్పలేదు, పైసా ఎక్కువ ఇవ్వలేదు. అంతకుముందు 1997లో రెజ్‌నెస్కీ మరికొందరితో కలిసి చేసిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. ఒకే సంస్థలో ఒకే హోదాలో ఉన్న ఆఫీసు సహాయకుల్లో సుమారు మూడో వంతు మంది పనిని కూడు కోసం చేసేదిగా, మూడో వంతు మంది పైకెక్కే మెట్టుగా, మిగతా మూడో వంతు మంది ఇది నా పని అన్నట్టుగా చూశారు.

నువ్వు ఆ పదహారు రూపాయలు లెక్కపెట్టే మనిషివి కాబట్టి ఏ వర్గమో నేను చెప్పక్కర్లేదు. చిల్లర లేదంటూ రెండు వేలే చేతిలో పెట్టి పంపేవాళ్ల మీద ఎన్ని ఫిర్యాదులొస్తాయో తెలంగాణ పల్లెల్లో ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. నీకు ఆ చిల్లర కోసం బ్యాంకుకు వెళ్లి రావడం ఒక పని, నీ చేత ఎవరూ బలవంతంగా చేయించలేదు. నీ తృప్తికి ఇంకో కారణం కూడా ఉంది. నీ పని ఏ రోజుది ఆ రోజు తేలుతుంది. సాయంత్రానికి క్యాష్ టాలీ అవుతుంది, ఖాతా మూసేస్తావు. ఎవరికి ఏం చేశావో వాళ్ల మొహంలో అక్కడికక్కడే కనిపిస్తుంది. వేలిముద్ర పడని ఎల్లవ్వకు నాలుగుసార్లు తుడిచి పెట్టించి పింఛను ఇప్పిస్తే ఎల్లవ్వ నీ ముందే నవ్వుతుంది. జనరల్ మెడిసిన్‌లో అంత త్వరగా అలా జరగదు. షుగరు, బీపీ, లివరు, కిడ్నీ, ఏదీ ఆ పూటకు తేలే వ్యవహారం కాదు. బాగైనవాడు ఇంటికెళ్లిపోతాడు, బాగుకానివాడు కళ్ల ముందే ఉంటాడు.

అలాగని నీ ఉద్యోగం పూలపాన్పేమీ కాదు, ఆ సంగతి నీకూ తెలుసు, ఉత్తరంలో రాయలేదంతే. సర్వర్ డౌన్, సిగ్నల్ కోసం మెషీన్ పట్టుకుని చింతచెట్టు కిందికెళ్లడం, మార్చి వచ్చిందంటే ఆర్‌పీఎల్‌ఐ (గ్రామీణ తపాలా జీవిత బీమా) టార్గెట్ అంటూ పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఖాతాలు తెరిపించకపోతే మెమో భయం. నేను చూసిన పోస్టుమాస్టర్లలో టార్గెట్ కోసం సొంత డబ్బు కట్టి పాలసీలు నడిపినవాళ్లున్నారు. నువ్వా పని మాత్రం చేయకు.

చెల్లెలి దగ్గరికొద్దాం.

ఐదేళ్ల సర్వీసుతో కుదురుకున్న నీ ఉద్యోగాన్ని, తన వృత్తిలో అన్నింటికన్నా కష్టమైన మూడేళ్లలో ఉన్న చెల్లెలితో పోల్చుతున్నావు. పీజీ రెండో ఏడంటే ఏమిటో ఏ మెడికల్ కాలేజీ హాస్టల్లోనైనా కనుక్కో. వార్డు, క్యాజువాలిటీ, ఐసీయూ, కింద జూనియర్లను చూసుకోవడం, పైనుంచి ప్రొఫెసర్ తిట్లు, మధ్యలో థీసిస్. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992లోనే ఆదేశమిచ్చింది. ఎక్కడ అమలైంది? వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక, వారానికి 74 గంటలు మించొద్దు, ఒక రోజు సెలవివ్వండి అని సిఫార్సు చేసింది. 48 నుంచి 74కి దిగివచ్చి బతిమాలుకోవాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో చూడు. ఆ సర్వేలో జవాబిచ్చిన పీజీల్లో 45 శాతం మంది వారానికి 60 గంటలు దాటి పనిచేస్తున్నామన్నారు.

అంటే నీ చెల్లె ఏడుస్తున్నది డాక్టరైనందుకు అనుకోవడం తొందరపాటు. ఆమె నిద్ర లేక ఏడుస్తుండవచ్చు. రెండూ ఒకటి కాదు. పీజీ అయ్యాక ఇదే అమ్మాయి, నిద్రపోయాక, తన పనిని నీకన్నా ఎక్కువగా ప్రేమించొచ్చు. ప్రేమించకపోవచ్చు కూడా. అది ఆమె తేల్చుకుంటుంది. ఈలోపు ఆమె ఫోన్ చేసి ఏడ్చినప్పుడు నీలో ఒక మూల ‘చూశావా నాన్నా’ అనే మాట మెదులుతోందేమో చూసుకో. నీ తప్పని అనడం లేదు. ఇన్నాళ్లూ ఇంట్లో ఆమె ర్యాంకుతో నిన్ను కొట్టారు, మనసుకు ఆమాత్రం ఊరట కావాలనిపించడం సహజమే. కానీ ఆమె కష్టం మీద నిలబడ్డ సంతోషమైతే, ఆమె రేపు బాగుపడగానే నీది కూలిపోతుంది.

ఆమెకు నువ్వు చేయగలిగింది చాలా ఉంది. ‘అందరూ పడుతున్నదే కదా’ అనకు, ‘మానేసి వచ్చెయ్’ అని కూడా అనకు. ఎన్ని గంటలు పడుకుంటోందో అడుగు. వరుసగా రెండు వారాలకు పైగా ఏ పని మీదా మనసు పోవట్లేదన్నా, బతకాలని లేదన్నట్టు ఒక్క మాట అన్నా, ఆ రోజే బస్సెక్కి వెళ్లు, వాళ్ల కాలేజీలోనే ఉన్న సైకియాట్రీ డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్లు. కాలేజీలో చూపించుకోవడం ఇష్టం లేదంటే బయట. రాత్రిపూటైతే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్లు తమ మనసు డాక్టరుకు చూపించుకోవడానికి అందరికన్నా ఎక్కువ వెనకాడతారు. మా ఇంటికి వచ్చిపోయేవాళ్లలో అలాంటివాళ్లను చూశాను.

ఇక డబ్బు. ఇక్కడ నువ్వు నామీద అలగొద్దు.

‘తృప్తి ఉంటే చాలు’ అనే మాట జీతం పెంచాల్సినవాళ్లకు చాలా ఇష్టం. మీ శాఖనే చూడు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ అలవెన్సు (మీ జీతాన్ని శాఖ అలాగే పిలుస్తుంది) కాక బతకడానికి నాకు వేరే ఆదాయం ఉంది అని నీ చేత రాయించుకున్నారు. ఇది చాలదని వాళ్లకు ముందే తెలుసన్నమాట. నాలుగైదు గంటల పనే కదా అని 12 వేలతో మొదలుపెట్టారు, అది కూడా డాక్ సేవక్‌ల జీతాల మీద వేసిన కమలేశ్ చంద్ర కమిటీ చెప్పాక 2018లో పెరిగిన లెక్క. మెషీన్ ముందు నువ్వు కూర్చుంటున్నది నిజంగా నాలుగైదు గంటలేనా? 65 ఏళ్లకు దిగిపోయేటప్పుడు గ్రాట్యుటీ, డిశ్చార్జ్ బెనిఫిట్ వస్తాయి గానీ శాఖలోని రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన రక్షణ లేదు. ఊరందరికీ పింఛను పంచే మనిషివి నువ్వే, నీ ముసలితనానికి ఏముందో ఒకసారి కాగితం మీద రాసుకో.

డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ ఇద్దరూ నోబెల్ గ్రహీతలు. 2010లో వాళ్లు అమెరికన్ల ఆదాయం, సంతోషం మీద ఒక పేపరు ప్రచురించారు. ఏడాదికి 75 వేల డాలర్లు దాటితే రోజువారీ సంతోషం ఇక పెరగదన్న వాక్యాన్ని అందరూ పట్టుకున్నారు. తర్వాత ఇంకొకరి పరిశోధనతో కలిపి చూసి 2023లో దాన్ని కానెమనే సవరించారు, చాలామందికి పెరుగుతూనే ఉంటుందని తేలింది. నాకు గుర్తుండిపోయింది ఆ మొదటి పేపర్లోనే ఉన్న ఇంకో మాట: అనారోగ్యం, విడాకులు, ఒంటరితనం లాంటి కష్టాలు వచ్చినప్పుడు ఆ నొప్పి డబ్బు తక్కువున్నవాళ్లకు మరింత ఎక్కువగా ఉంటుంది. ఇది అమెరికా లెక్కే అయినా జనగామలో కూడా చెల్లుతుందని నా నమ్మకం. ఈరోజు నీ సంతోషం నిజం. రేపు మీ నాన్న గుండె ఆపరేషనో, అమ్మ మోకాళ్లో ముందుకొస్తే అదే ఆఫీసు అదే హుషారుతో తెరవగలవా?

అందుకని ఈ ఏడాదిలో చేయాల్సినవి చెబుతాను. ఊరందరి చేతా ఆర్‌పీఎల్‌ఐ కట్టిస్తున్నావు కదా, నీ పేరు మీద ఉందా? లేకపోతే ముందు అది. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి నీకూ నాన్నకూ తీసుకో, వయసు సరిపోతేనే. ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 10 లక్షలైంది, అమ్మానాన్నల పేర్లు కార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో ఆధార్‌తో సరిచూడు. ఈ పని ఊళ్లోవాళ్లకు నువ్వే చేసిపెడుతుంటావు, మన ఇంట్లోదే చూడం.

పెద్ద పని మాత్రం డిపార్ట్‌మెంటల్ పరీక్ష. గ్రామీణ డాక్ సేవక్‌లకు ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మ్యాన్, పోస్టల్ అసిస్టెంట్ పోస్టులకు దారులున్నాయి. ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం ఎంటీఎస్‌కు 18,000, పోస్ట్‌మ్యాన్‌కు 21,700, అసిస్టెంట్‌కు 25,500. వీటిమీద డీఏ, ఇంటద్దె. అప్పుడు ‘పర్మినెంటేనా?’ అంటే అవునని చెప్పొచ్చు. వయసు, సర్వీసు నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకో, సబ్ డివిజన్ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్‌ను అడుగు, ఆలస్యం చేయకు. నీకు మధ్యాహ్నాలు ఖాళీ. రెండుసార్లు లాంగ్‌టర్మ్ కూర్చున్నవాడికి ఈ సిలబస్ పెద్ద లెక్క కాదు.

ఒక చిక్కుంది, దాచను. అసిస్టెంట్ అయితే పట్నంలో కౌంటర్ వెనక కూర్చుంటావు, ఎదురుగా టోకెన్ నంబర్లు ఉంటాయి గానీ ఎల్లవ్వ ఉండదు. నీ తృప్తికి కారణం మనుషులైతే అక్కడ అది కొంత పోవచ్చు. అందుకే నా ఓటు పోస్ట్‌మ్యాన్‌కు. జీతం కాస్త తక్కువే, కానీ బీటు నీది, గడపగడపకూ తిరుగుతావు, పేరు పెట్టి పిలుస్తారు. వేరేవాళ్లైతే నీకు అసిస్టెంటే రాయమంటారు, వాళ్లు చెప్పేదానిలోనూ న్యాయముంది. నువ్వు ఎక్కువ దేనికి లొంగుతావో నీకే తెలియాలి.

మీ నాన్నకు ఇదంతా ఒక్కసారే చెప్పకు. ఆయన బాధ నీ జీతం ఒక్కటే అయ్యుండదు. ఇద్దరు పిల్లల్ని సమానంగా చదివించలేకపోయానన్న దిగులు కూడా ఉంటుంది. కూతురికి సీటొచ్చి కొడుక్కి రాకపోతే ఊళ్లో మాట్లాడే మాటలు ఆయనే విన్నాడు, నువ్వు కాదు. కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చిన కాగితం ముందు పెట్టుకుని, మొదట రాసిన లెక్క, అంటే 28, 36, నలుగురైదుగురిలో ఒకరు, నెమ్మదిగా చెప్పు. చెల్లెనూ ఫోన్‌లో కూర్చోబెట్టు. ఆయన నీ మాట వినకపోయినా డాక్టరు మాట వింటాడు. ఆ తర్వాత పరీక్ష నోటిఫికేషన్ చూపించు, అమ్మాలనుకున్న ఎకరం పాస్‌బుక్ బీరువాలోనే ఉంటుందని అమ్మతో చెప్పించు.

పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లతో గవర్నమెంటు జాబే అని నానుస్తూ చెప్పొద్దు. మధ్యవర్తులు అలాగే చెబుతారు, పెళ్లయ్యాక పే స్లిప్ బయటపడితే గొడవలవుతాయి. ఎంత వస్తుందో, ఏం రాదో, ఏ పరీక్ష రాయబోతున్నావో మొదటి రోజే అమ్మాయితో నేరుగా చెప్పు. ఆమె ఉద్యోగం చేస్తుందా, ఎంత, పల్లెలో ఉండగలదా అని నువ్వూ అడుగు. బ్రాంచి పోస్టుమాస్టర్ అదే ఊళ్లో ఉండాలి కదా, ఆ నిబంధన సంగతి ముందే తెలియాల్సింది ఆమెకే.